సైన్స్, మ్యాథ్స్ క్లాసులో అసలు నోట్‌బుక్కులు, పాత రికార్డులు వాడినవాళ్ళున్నారా? పిల్లలకి ఎక్కుతుందా?

సుద్దముక్క

అందరికీ నమస్కారం. నేను ఎనిమిది నుంచి పది దాకా ఫిజిక్స్ చెప్తా, మ్యాథ్స్ సార్ లీవ్ పెడితే మ్యాథ్స్ కూడా నా నెత్తినే. ఈమధ్య ఎక్కడ చూసినా ప్రైమరీ సోర్సెస్‌తో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) సబ్జెక్టులు చెప్పాలి అంటున్నారు. అంటే టెక్స్ట్‌బుక్కులో నీట్‌గా సర్దిపెట్టిన పాఠం కాకుండా, ఆ పని చేసిన మనిషి ఆరోజు రాసుకున్న నోట్‌బుక్కు, గీసుకున్న బొమ్మ, పంపిన ఉత్తరం, మెషీన్ లాగ్, పేటెంట్ డ్రాయింగు, పాత ఫొటో ఇలాంటివి పిల్లల ముందు పెట్టి వాటి మీదే క్లాసు నడపడం.

వినడానికి బానే ఉంది, హిస్టరీ వాళ్ళకైతే అదే పని కాబట్టి ఓకే. కానీ మనకెలా? గెలీలియో రాసింది లాటిన్, ఇటాలియన్, న్యూటన్ రాసింది ఇంగ్లీష్‌లో ఉన్నా సగం అర్థం కాదు, పైగా పాత దస్తూరీ. మా స్టాఫ్‌లో ఒకాయన ప్రొజెక్టర్ మీద ఒక పాత పేజీ వేసి చూపిస్తే పిల్లలు "ఓ..." అన్నారు, తర్వాత బెల్లు కొట్టారు, అంతే సంగతి. దానివల్ల త్వరణం అంటే ఏంటో ఎవరికైనా ఎక్కువ అర్థమైందా అంటే నాకు డౌటే.

నిజంగా క్లాసులో వాడినవాళ్ళు చెప్పండి, ఏ కాగితం వాడారు, పిల్లల చేత ఏం చేయించారు, ఎంత టైం పట్టింది. "పిల్లల్లో ఆసక్తి పెరుగుతుంది" టైపు మాటలు వద్దు ప్లీజ్, అవి ట్రైనింగుల్లో చాలా విన్నా.

వాలుబల్ల

సార్, మీ స్టాఫ్ ఆయన చేసిన దాంట్లోనే మీ ప్రశ్నకి సగం జవాబు ఉంది. చూపించి వదిలేస్తే అది గోడ మీద పటం లాంటిదే, చూస్తారు, పోతారు. ఆ కాగితంతో పిల్లలకి ఒక పని ఉండాలి, లెక్కో కొలతో ఏదో ఒకటి. నా లెక్కలో సైన్స్‌కి పనికొచ్చే సోర్సు అంటే మాటలు తక్కువ, అంకెలూ బొమ్మలూ ఎక్కువ ఉన్నది. అప్పుడు భాష గొడవే రాదు, అంకెలు ఎవరికైనా అంకెలే కదా.

నేను వాడేది గెలీలియో కాగితం ఒకటి. ఫ్లోరెన్స్‌లో ఆయన చలనం మీద రాసుకున్న చిత్తు కాగితాల కట్ట ఉంది, అందులో 107వ కాగితం వెనక వైపు, సుమారు 1604 నాటిది. దాని మీద ఒక నిలువు వరస ఉంటుంది: 33, 130, 298, 526, 824, 1192, 1620, 2104. అంతే. పిల్లలకి పేరు చెప్పను, బంతి అని చెప్పను, వాలు అని చెప్పను. ఈ అంకెలు ఇచ్చి ఒకాయన ఏదో కొలిచి రాసుకున్నాడు, ఇందులో ఏమైనా పద్ధతి కనిపిస్తోందా చూడండి అంటా.

మొదట అందరూ తేడాలు తీస్తారు: 33, 97, 168, 228, 298, 368, 428, 484. ఏమీ తోచదు. కాసేపు గోల. ఎవడో ఒకడు 33తో భాగించి చూస్తాడు, అప్పుడు 1, 2.94, 5.09, 6.91, 9.03, 11.15, 12.97, 14.67 వస్తాయ్. క్లాసులో వెనక బెంచీ నుంచి "సార్ బేసి సంఖ్యలు సార్" అని అరుపు వస్తుంది, ఈ మాట మాత్రం నేను చెప్పకుండా వాళ్ళ నోటి నుంచి రావాలి, అందుకే అంత ఓపిక పట్టేది. ఇంకొకడు అసలు అంకెల్నే 33తో భాగిస్తాడు, 1, 4, 9, 16, 25, 36, 49, 64 కి దగ్గర దగ్గరగా వస్తాయ్. సరిగ్గా రావు, దగ్గరగా వస్తాయ్, అదే అసలు మజా. 64 రెట్లు అంటే 2112 ఉండాలి, ఆయన రాసింది 2104. "తప్పు కొలిచాడా?" అని అడుగుతారు, ఆ ప్రశ్న నుంచే కొలతలో దోషం అనే పాఠం మొత్తం లాగొచ్చు. టెక్స్ట్‌బుక్కులో ఉండే టేబుల్‌లో అన్నీ కరెక్ట్‌గా 4, 9, 16 అనే ఉంటాయ్ కాబట్టి ఆ ప్రశ్న ఎప్పటికీ పుట్టదు.

తర్వాత చెప్తా, ఇది వాలు మీద దొర్లిన బంతి సమానమైన కాలాల్లో వెళ్ళిన దూరాలు అని. వెంటనే వచ్చే డౌటు, 1604లో స్టాప్‌వాచ్ ఎక్కడిది? దానికి స్టిల్‌మన్ డ్రేక్ అనే చరిత్రకారుడు ఒక ఊహ చెప్పాడు, వాలుకి అడ్డంగా తీగలు కట్టి బంతి వాటి మీద టక్ టక్ మని దాటే చప్పుడు పాట తాళంతో కలిసేలా వాటిని జరుపుతూ పోయుంటాడు అని, గెలీలియో వాళ్ళ నాన్న సంగీత విద్వాంసుడు కదా. 1638లో వచ్చిన పుస్తకంలో గెలీలియో తనే రాసుకున్నది మాత్రం నీళ్ళ గడియారం, సన్నటి ధారగా కారిన నీటిని తూకం వేసి టైం లెక్కపెట్టడం. మా పిల్లలు రెండోది చేస్తారు, ఫోన్‌లో వీడియో కూడా తీసి రెండూ పోల్చుకుంటారు.

టైం అంటారా, ఒక పీరియడ్ అంకెలకి, ఒక పీరియడ్ వాలుకి. త్వరణం పాఠానికి ఎలాగూ అంత పడుతుంది.

ఇంకోటి, పీసా టవర్ మీంచి గుండ్లు వేశాడనే కథ చాలా పుస్తకాల్లో ఉంటుంది చూడండి. ఆ ప్రయోగం చేశానని గెలీలియో ఎక్కడా రాసుకోలేదు, ఆయన శిష్యుడు వివియానీ తర్వాత రాసిన జీవిత చరిత్ర నుంచి వచ్చింది ఆ కథ. అందరికీ తెలిసిన కథకేమో ఆయన కాగితం లేదు, కాగితం ఉన్న ప్రయోగమేమో ఎవరికీ తెలీదు.

సిలబస్_పరుగు

నేను కొంచెం చేదుగా మాట్లాడతా ఏమీ అనుకోవద్దు. పైన సార్ చెప్పింది బాగుంది కానీ అది ఏరి ఏరి తెచ్చిన ఒక్క కాగితం. అలాంటివి ఎన్ని ఉంటాయి? మిగతావి తీస్తే ఏముంటుంది, న్యూటన్ ప్రిన్సిపియా పుస్తకం అంతా జామెట్రీ, డిగ్రీ వాళ్ళకే కొరుకుడు పడదు. పాతవాళ్ళు వేడిని ఒక ద్రవం అనుకున్నారు, కాంతి ప్రయాణించడానికి ఈథర్ అనే కంటికి కనపడని పదార్థం కావాలన్నారు, అవి పిల్లల ముందు పెడితే పరీక్షలో అవే రాసొస్తారు, అప్పుడు ఎవరు సర్దాలి. పైగా ప్రమాణాలు అన్నీ వేరు, అంగుళాలు, పుంటీలు, ఏవేవో.

నాకింకో అనుమానం కూడా ఉంది, ఇలా చేసి చేసి సైన్స్ క్లాసుని సైంటిస్టుల కథల క్లాసు చేస్తామేమో అని. కథ గుర్తుంటుంది, ఫార్ములా పోతుంది. వాలు ప్రయోగం మామూలుగా చేయించినా అదే గ్రాఫ్ వస్తుంది కదా, దానికి 1604 కాగితం ఎందుకు?

లంబరేఖ

సిలబస్ గారు, కథల క్లాసు అవుతుందన్న భయం నిజమే, నేను కూడా చూశాను అలాంటివి, పోస్టర్లు చేయించి ఫొటోలు తీసి పంపడం. కానీ "అదే గ్రాఫ్ వస్తుంది" అన్న దగ్గర ఒప్పుకోను. మామూలు ల్యాబులో పిల్లాడికి ఆన్సర్ ముందే తెలుసు, ఆ ఆన్సర్ వచ్చేదాకా రీడింగులు దిద్దుతాడు, మనందరం చేసిన పనే అది. పాత డేటాలో దిద్దడానికి ఏమీ ఉండదు, ఉన్నది ఉన్నట్టే తీసుకోవాలి.

నేను మ్యాథ్స్ టీచర్ని, నా క్లాసులో బాగా పండింది జాన్ స్నో కలరా మ్యాపు. 1854లో లండన్ సోహో ఏరియాలో కలరా వచ్చి కొద్ది రోజుల్లోనే జనం వందల్లో పోయారు. స్నో అనే డాక్టరు ఒక్కో చావుకి ఒక్కో చిన్న నల్ల గీత, ఏ ఇంట్లో పోతే ఆ ఇంటి ముందు పేర్చుకుంటూ వీధుల మ్యాపు మీద గీశాడు. మ్యాపులో నీళ్ళ పంపులు కూడా గుర్తు పెట్టి ఉంటాయ్. ఇదంతా పిల్లలకి చెప్పను, ప్రింట్ తీసి ఇస్తా, పైన టైటిల్ మూసేసి.

మొదట ఊరికే చూడమంటా, కనిపించింది మాత్రమే చెప్పాలి. తర్వాత ఏమనుకుంటున్నారో. తర్వాత ఏం తెలుసుకోవాలనుందో. ఈ వరస నా సొంతం కాదు, అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు టీచర్ల కోసం పెట్టిందే, గమనించు, ఆలోచించు, ప్రశ్నించు అని. మ్యాథ్స్‌కి అక్కడితో ఆగకూడదు, నాలుగోది "లెక్కించు" అని నేను కలుపుకున్నా.

ఆ నాలుగోది ఏంటంటే, ప్రతి ఇంటికి ఏ పంపు దగ్గరో ఎలా తేల్చాలి? రెండు పంపుల మధ్య గీత గీసి దానికి లంబ సమద్విఖండన రేఖ గీస్తే ఇటువైపు ఇళ్ళన్నీ ఈ పంపుకి దగ్గర, అటువైపువి ఆ పంపుకి. పక్కనున్న పంపులన్నిటికీ అలా గీస్తే బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ ఒక బహుభుజి వస్తుంది, గీతలు లెక్కపెడితే చాలామటుకు దాని లోపలే ఉంటాయ్. నా పేరు లంబరేఖ ఎందుకో ఇప్పుడు అర్థమైందనుకుంటా. వృత్తలేఖిని పట్టుకుని ఏడ్చే పిల్లలు కూడా ఇది గీస్తారు, ఎందుకంటే ఆ గీత ఎటు పోతుందో అన్నది వాళ్ళకి నిజంగా కావాలి అప్పుడు.

ఒక తెలివైన పిల్ల అడిగింది, మేడమ్ మనుషులు వీధుల్లోంచి నడుస్తారు కదా, గోడల్లోంచి కాదు కదా, నేరు దూరం ఎందుకు అని. అదే పని స్నో చేశాడు! తర్వాతి మ్యాపులో నడిచే దూరం ప్రకారం గీసిన గీత ఉంటుంది. అది చూపించగానే ఆ పిల్ల మొహం చూడాలి.

ఆ తర్వాత లెక్కకి లొంగని కేసులు పెడతా. ఆ పక్కనే ఒక వర్క్‌హౌస్, అంటే పేదవాళ్ళని ఉంచి పని చేయించే చోటు, ఉంది, 535 మంది ఉండేవాళ్ళు, పోయింది 5గురే. చుట్టూ ఇళ్ళల్లో అంతమంది పోతుంటే అక్కడ ఎందుకు లేదు? పిల్లలు రకరకాలుగా ఊహిస్తారు. జవాబు వాళ్ళకి సొంత బావి ఉంది. మరి ఎవరూ నీళ్ళు పట్టుకోకుండా బ్రాడ్ స్ట్రీట్ పంపు హ్యాండిల్ తీసేయగానే కలరా ఆగిందా అంటే, తీసేటప్పటికే తగ్గుముఖం పట్టింది, స్నో తనే ఒప్పుకున్నాడు ఆ మాట. దీంతో కారణం వేరు, కలిసి జరగడం వేరు అని చెప్పొచ్చు, ఏ స్టాటిస్టిక్స్ పుస్తకంలోనూ ఇంత బాగా దొరకదు.

బఠానీగింజ

బయాలజీ నుంచి ఒకటి. మెండెల్ 1866 పేపర్లో అసలు లెక్కలు ఉన్నాయ్, గుండ్రటి బఠానీ గింజలు 5474, ముడతలవి 1850. పసుపు 6022, ఆకుపచ్చ 2001. పొడుగు మొక్కలు 787, పొట్టివి 277. నిష్పత్తులు తీస్తే 2.96, 3.01, 2.84. పుస్తకంలో 3:1 అని ఒక్క ముక్కలో ఉంటుంది, పిల్లలేమో నాలుగు గింజలుంటే కచ్చితంగా మూడు గుండ్రంగా ఉంటాయని అనుకుంటారు, ఈ అపోహ పదో క్లాసు దాటినా పోదు.

తల్లి మొక్క నుంచి ఒక జన్యువు, తండ్రి మొక్క నుంచి ఒకటి అనుకుని రెండు నాణేలు ఎగరేయించండి, రెండూ బొరుసు పడితే ముడత, లేకపోతే గుండ్రం. ఇరవై సార్లకి నిష్పత్తి ఎక్కడెక్కడికో పోతుంది, క్లాసు మొత్తానిది కలిపితే 3 దగ్గరకొస్తుంది. అప్పుడు 7324 గింజలు ఎందుకు లెక్కపెట్టాడో వాళ్ళే చెప్తారు.

పెద్ద పిల్లలైతే ఇంకో మెట్టు ఉంది. 1936లో ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ పండితుడు ఈ లెక్కలన్నీ కలిపి చూసి, ఇవి ఉండాల్సినదానికంటే మరీ బాగా కుదిరాయి అన్నాడు. దాని మీద వాదన చాలా కాలం నడిచింది. మీ క్లాసు నాణేల లెక్కలు పక్కన పెట్టి, మెండెల్ అంకెలు అనుమానంగా ఉన్నాయా అని అడగండి, పీరియడ్ సరిపోదు.

సుద్దముక్క

ఇదీ నాక్కావలసింది, అందరికీ థ్యాంక్స్. వాలుబల్ల సార్, ఆ 107 కాగితం నేను ఈ నెల్లోనే పెడతా. ఇంకో రెండు డౌట్లు. నెట్‌లో దొరికే ఈ స్కాన్లు నిజమైనవో కాదో ఎలా తెలుస్తుంది? అలాగే కంప్యూటర్ క్లాసుకి ఇలాంటివి ఉన్నాయా, మా కోడింగ్ మేడమ్ అడుగుతోంది.

పాతకాగితం

మొదటి డౌటుకి నేను చెప్తా, నా పని ఆర్కైవ్స్‌లోనే. సోషల్ మీడియాలో తిరిగే ఫొటో వాడొద్దు, ఆ కాగితం ఎవరి దగ్గరుందో వాళ్ళ సైట్ నుంచే తీసుకోండి. న్యూటన్ కాగితాలు కేంబ్రిడ్జ్ డిజిటల్ లైబ్రరీలో, రైట్ సోదరులవి, గ్రాహం బెల్‌వి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయ్, అన్నీ ఉచితం.

అయితే పెద్ద లైబ్రరీలో ఉన్నంత మాత్రాన నమ్మేయాలా అంటే అదీ కాదు. మిషిగన్ యూనివర్సిటీ దగ్గర గెలీలియో కాగితం ఒకటి ఉండేది, పైన ఉత్తరం చిత్తుప్రతి, కింద గురుగ్రహం ఉపగ్రహాల బొమ్మలు, 1938 నుంచీ వాళ్ళ దగ్గరే, వాళ్ళకి గొప్ప ఆస్తి. నిక్ వైల్డింగ్ అనే చరిత్రకారుడికి అనుమానం వచ్చి కాగితంలో ఉన్న వాటర్‌మార్కు (తయారీలోనే పడే, వెలుతురులో కనిపించే గుర్తు) సంగతి అడిగాడు, చూస్తే ఆ గుర్తున్న కాగితం 18వ శతాబ్దం కంటే ముందు లేదు. 2022లో యూనివర్సిటీ వాళ్ళే అది ఫోర్జరీ అని ప్రకటించారు. ఇది పిల్లలకి తప్పకుండా చెప్పండి, కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూడటం కూడా సైన్సే. గురుగ్రహం కావాలంటే 1610లో అచ్చయిన పుస్తకంలోవి వాడండి, జనవరి 7న తూర్పున రెండు చుక్కలు పడమర ఒకటి, 8న మూడూ పడమరే, 9న మబ్బు, 10న రెండే కనిపించాయి అదీ తూర్పున, 13కి నాలుగు. ఆ చుక్కలు అచ్చు అక్షరాల మధ్యే ఉంటాయ్, ఏడో క్లాసు వాళ్ళు కూడా చదివేస్తారు.

ఇంకోటి, అసలు కాగితమే అయినా అందులో తప్పు ఉండొచ్చు. నాకు బాగా ఇష్టమైనది రైట్ సోదరులు 1903 డిసెంబర్ 17న ఇంటికి కొట్టిన టెలిగ్రామ్. నాలుగు సార్లు ఎగిరాం, ఎదురుగాలి గంటకి 21 మైళ్ళు, గాలిలో సగటు వేగం గంటకి 31 మైళ్ళు, ఎక్కువసేపు ఎగిరింది 57 సెకన్లు అని ఉంటుంది. ఆర్విల్ పేరు స్పెల్లింగ్ కూడా తప్పు. ఆరోజు ఆర్విల్ డైరీలో చూస్తే 59 సెకన్లు, 852 అడుగులు. రెండు కాగితాలూ ఒకే రోజువి, ఏది నమ్మాలి?

ఇప్పుడు లెక్క కట్టించండి. 852 అడుగులు అంటే దాదాపు 260 మీటర్లు, 59 సెకన్లలో అంటే సెకనుకి 4.4 మీటర్లు, గంటకి 16 కిలోమీటర్లు, సైకిల్ వేగం. దానికి ఎదురుగాలి 21 మైళ్ళు, అంటే గంటకి 34 కిలోమీటర్లు, కలిపితే 50, అంటే 31 మైళ్ళు. టెలిగ్రామ్‌లో రాసిన వేగంతో కలిసిపోయింది! నేల మీద వేగం, గాలిలో వేగం, సాపేక్ష వేగం పాఠం అక్కడ అయిపోయింది. 57 పెట్టి చేస్తే ఎంతొస్తుందో కూడా చేయించండి, తేడా చాలా చిన్నది, కాబట్టి ఈ లెక్కతో ఏది కరెక్టో తేలదు, తేలాలంటే టెలిగ్రామ్ ఎన్ని చేతులు మారిందో ఆలోచించాలి. లెక్క ఎక్కడ ఆగిపోతుందో తెలియడం కూడా అవసరమే కదా.

సెమికోలన్

కోడింగ్ మేడమ్‌కి రెండు. అపోలో 11 గైడెన్స్ కంప్యూటర్ కోడ్ మొత్తం నెట్‌లో ఉంది, గిట్‌హబ్‌లో చూడొచ్చు, పాత ప్రింట్ల నుంచి టైపు చేసి పెట్టారు. మెషీన్‌కి దగ్గరగా ఉండే అసెంబ్లీ భాష, పిల్లలకి అర్థం కాదు, అవసరం కూడా లేదు, కామెంట్లు చదివించండి చాలు. ఒక చోట "టెంపరరీ, ఐ హోప్ హోప్ హోప్" అని ఉంటుంది. ఆ టెంపరరీ లైనే చంద్రుడి దాకా పోయింది. కోడ్‌కి కామెంట్ ఎందుకు రాయాలి అన్నదానికి నేను ఇంకేం చెప్పక్కర్లేదు, క్లాసు పడీ పడీ నవ్వుతుంది.

రెండోది ఏడా లవ్‌లేస్ 1843 టేబుల్, బెర్నూలీ సంఖ్యలు (గణితంలో ఒక ప్రత్యేకమైన సంఖ్యల వరస) బాబేజ్ ఊహించిన లెక్కల మెషీన్ చేత కట్టించడానికి ఒక్కో స్టెప్పు రాసిన పట్టిక. అందులో నాలుగో స్టెప్పులో భాగహారం తలకిందులుగా అచ్చయింది, v4 అనే విలువని v5తో అన్నది కాస్తా v5ని v4తో అయింది. పెద్ద క్లాసుల వాళ్ళకి ఆ పట్టిక స్ప్రెడ్‌షీట్‌లో వేయించి, తేడా ఉంది వెతకండి అని వదిలేయండి. ఎవరి తప్పు, రాసినావిడదా అచ్చు వేసినవాళ్ళదా అన్నది వేరే సంగతి, బగ్ దొరికితే చాలు.

సిలబస్_పరుగు

సరే, టెలిగ్రామ్ లెక్క నేను దొంగిలిస్తున్నా, సాపేక్ష వేగానికి రైళ్ళ లెక్కలు చేసీ చేసీ విసుగొచ్చింది. మిగతాదాని మీద నా మాట మారలేదు, ఏడాదికి ఒకటో రెండో అయితే ఓకే, ప్రతి పాఠానికీ అంటే మాత్రం జరగని పని. ఈథర్ సంగతి ఎవరూ చెప్పలేదు చూశారా.

వాలుబల్ల

ఈథర్, వేడి ద్రవం ఇవి నేనైతే స్కూల్లో తీయను, మీరన్నది కరెక్టే. ఏడాదికి రెండు మూడే నేను కూడా చేసేది. ఇంకోటి కావాలంటే ఫారడే డైరీలో 1831 ఆగస్టు 29 పేజీ చూడండి, ఇనుప రింగు, దానికి రెండు వైపులా తీగ చుట్టలు. ఒక చుట్టకి బ్యాటరీ కలిపినప్పుడు ఒకసారి, తీసినప్పుడు ఒకసారి మాత్రమే రెండో చుట్ట తీగ దగ్గర పెట్టిన అయస్కాంత సూది కదిలింది, మధ్యలో కరెంటు పోతూనే ఉన్నా కదల్లేదు. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠంలో పిల్లలు ఎప్పుడూ తడబడేది సరిగ్గా అక్కడే.

సుద్దముక్క సార్, మీరు 107 పెట్టేటప్పుడు ఒక్క విషయం, ఆ అంకెలు ఏ ప్రమాణంలో ఉన్నాయో ముందే చెప్పకండి. పుంటో అనే కొలత అది, మన మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ. చెప్పకపోయినా నిష్పత్తులు వస్తాయ్, ప్రమాణం తెలియకుండానే వచ్చాయని వాళ్ళు గమనిస్తారా లేదా చూడండి. గమనించకపోతే చివర్లో అడగండి, ఇవి అంగుళాలైతే మీ ఆన్సర్ మారేదా అని. ఇంకా కాగితం మీద వర్గ సంఖ్యల వరస కూడా పక్కనే రాసి ఉంటుంది, ప్రింట్ ఇచ్చే ముందు దాని మీద తెల్ల కాగితం అంటించండి, లేకపోతే మొదటి నిమిషంలోనే అయిపోతుంది.